మా ఆయన తిరగేసిన ఎక్స్‌రే

మా ఆయన నలభై దాటాక కాలేజీలో చేరారు. ఎక్స్‌రేలు తీయడం నేర్పే చదువది. ఏదో చిన్నా చితకా కోర్సు అనుకునేరు, యూనివర్సిటీ వాళ్ళిచ్చే డిగ్రీ. ఆ సంగతి తెలిసి మా వీధిలో నవ్వని మనిషి లేడు. "పిల్లది ఆరో తరగతి, తండ్రిది ఫస్టియరు. ఇద్దరికీ కలిపి ఒకే ఆటో మాట్లాడు" అని మా ఆడపడుచు నలుగురిలో పకపకలాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చదువుకోవడానికే వెళ్తున్నారు వదినా, దొంగతనానికి కాదు" అన్నాను. పైకి అలా అన్నానే గానీ లోపల నాకూ గుబులుగానే ఉండేది.

అంతకుముందు ఆయనది ఫొటో స్టూడియో. కింద బట్టల కొట్టు, పక్కనే ఇరుకు మెట్లు, మెట్లెక్కితే ఈయన గది. గోడకి నీలం తెర, దాని ముందు స్టూలు, పక్కన అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. కట్టకపోతే జనం జేబులో వేసుకుని పోతారు మరి. వచ్చినవాళ్ళ గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని ఇంత వంచి, "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అనేవారు. ఎంత ముడుచుకున్న మొహమైనా ఆయన చేతిలో పడితే కళకళలాడేది.

ఫిల్ము కడిగే రోజుల్లో ఆయన కంటికి పెద్ద పేరు. నెగెటివ్ పొరపాటున తిరగేసి పెడితే ఫొటోలో కుడి ఎడమలు తారుమారవుతాయి. చొక్కా జేబు ఎడమవైపు ఉండాలి కదా, అది కుడివైపు కనబడిందంటే నెగెటివ్ తిరగబడినట్టే. ఈయన గుమ్మంలో నిలబడే పసిగట్టేవారు. "అది తిరగబడింది, మళ్ళీ వెయ్యాలి" అనేవారు. ఒక్కసారి కూడా తప్పేది కాదు. పక్క స్టూడియోల వాళ్ళు ఆ కంటికి దణ్ణం పెట్టేవాళ్ళు.

తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. మొదట పెళ్ళిళ్ళు పోయాయి, ఆ తరవాత పుట్టినరోజులు, చివరికి చిన్న సైజు ఫొటోలు కూడా. "ఎవడి మొహం వాడే తీసుకుంటున్నాడు, మధ్యలో నేనెందుకు" అని ఒకరోజు షట్టరు దించేసి ఇంటికొచ్చి మంచమెక్కారు. దిగితే ఒట్టు. ఒకటే దగ్గు. నేనే బలవంతాన ఆస్పత్రికి లాక్కెళ్ళాను. అక్కడ ఎక్స్‌రే తీశారు. దగ్గుకి మందిచ్చారు గానీ ఈయన తెచ్చుకున్న కొత్త జబ్బుకి మాత్రం మందు లేదు. ఇంటికొస్తూనే, "ఏమే, అదీ ఫొటోనే! అదే వెలుతురు, అదే ఊపిరి బిగబట్టమనడం. నాకు రానిదేముంది అందులో?" అన్నారు.

"పిచ్చిగానీ పట్టిందా మీకు?" అన్నాను.

పట్టిన మాట నిజమే. కానీ చాలా కాలం తరవాత ఆయన కళ్ళు వెలగడం చూశాను. దాంతో నా నోరు మూతబడింది. కింద బట్టల కొట్టువాళ్ళే నన్ను ఆల్టరేషన్లకి పెట్టుకున్నారు. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుములు వదులు చెయ్యడం. ఆయన పుస్తకాల సంచీ తగిలించుకుని పొద్దున్నే బస్సెక్కేవారు.

క్లాసులో అందరూ మీసాలు సరిగా రాని పిల్లలు. మొదటిరోజు ఈయన లోపలికి రాగానే పంతులుగారనుకుని అందరూ లేచి నిలబడ్డారట. ఆ తరవాత అందరికీ బాబాయ్ అయిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, సన్నగా పుల్లలా ఉంటుంది, నోరు మాత్రం క్షణం ఊరుకోదు. అందరూ పిట్ట అంటారు, మేమూ అలాగే అంటాం. చదువులో మొదటి వరస. నోట్సు ఇవ్వడానికి మా ఇంటికొచ్చి, నన్ను చూసిన మొదటిరోజే పిన్నిని చేసేసింది. "పిన్నీ, బాబాయ్‌కి ఫిజిక్సు ఎక్కట్లేదు. మీరు కాస్త తిట్టండి" అంది. నేనా తిట్టడానికి మొహమాటపడేది!

ఫిజిక్సు పుస్తకం పట్టుకుని మా అమ్మాయి అప్పజెప్పించుకునేది. ఒకే బల్ల, అటు తండ్రి, ఇటు కూతురు. "నాన్నా, మళ్ళీ మర్చిపోయావా?" అని అది గద్దిస్తే ఈయన నాలిక్కరుచుకునేవారు. ఎముకల పేర్లు మాత్రం నా మీద నేర్చుకున్నారు. నేను పొయ్యి దగ్గరుంటే వెనకనుంచి వచ్చి భుజం తడిమేవారు. ముచ్చట అనుకునేరు, కాదు, రెక్క ఎముక అంచు ఎక్కడుందో చూసుకోవడం! మణికట్టు పట్టుకుని అందులో ఉన్న బుల్లి ఎముకలన్నీ వరసగా అప్పజెప్పేవారు. కూర మాడిపోయేది.

అన్నీ ఎలాగోలా గట్టెక్కారు. ఒక్క చోటే బండి మొరాయించింది. కుడి ఎడమలు.

నవ్వకండి. ఆ చదువులో అది ప్రాణం మీదికొచ్చే విషయం. ఎక్స్‌రేలో కుడి ఏదో ఎడమ ఏదో చూసినవాడికి తెలియడానికి ఒక సీసం ముక్క మీద అక్షరం ఉంటుంది. కుడికి ఆర్, ఎడమకి ఎల్. తీసే ముందు ఆ ముక్కని మనిషి పక్కన పెట్టాలి. ఎముకలతో పాటు అదీ ఫొటోలో పడుతుంది. వైపు తప్పితే మంచి కాలుకి కోత పడుతుంది. అందుకే యూనివర్సిటీ వాళ్ళ రూలు: చివరి ప్రాక్టికల్లో మిగతాది ఎంత బాగా చేసినా సరే, వైపు తప్పితే నేరుగా ఫెయిలు. రెండుసార్లు ఫెయిలైతే డిగ్రీ లేదు, ఇంటికి పొమ్మంటారు.

మా ఆయనకేమో జీవితమంతా ఎదురుగా కూర్చున్న మనిషిని చూసే అలవాటు. ఎదుటివాళ్ళ కుడి ఈయనకి ఎడమ. అద్దంలో చూసుకుని మురిసేవాళ్ళకి నచ్చేట్టు తీయడమే ఆయన వృత్తి. మొదటిసారి ప్రాక్టికల్లో ఒకాయన పాదం తియ్యమన్నారు. చక్కగా అమర్చారు, చక్కగా తీశారు. ఎడమ పాదం పక్కన ఆర్ పెట్టారు. పరీక్ష చెయ్యడానికొచ్చిన మేడమ్ కాగితం మీద ఒక గీత గీసి, "వెళ్ళండి" అందట.

ఆ రోజు ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పలేదు. గోడకానుకుని నిలబడి, "ఇంకొక్కసారే ఉంది" అన్నారు.

రెండోసారికి పిలిచేలోపు మనిషి సగమయ్యారు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయేది. ఆ సీసం ముక్కలు రెండూ చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు, మాట్లాడుతూ మాట్లాడుతూ తడుముకునేవారు. వీధిలో నడుస్తూ ఎదురొచ్చే ప్రతి మనిషినీ చూసి, "ఆవిడ సంచీ కుడిచేతిలో ఉంది, అతని గొడుగు ఎడమచేతిలో ఉంది" అని గొణుక్కునేవారు. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఒకసారి, "తెలియకపోతే అన్నం తినే చెయ్యి చూసుకోండి!" అని అరిచేశాను. ఆయన కోప్పడలేదు. "నా చెయ్యి నాకు తెలుసే. వాళ్ళదే తెలియట్లేదు" అన్నారు.

ఎందుకంత ప్రాణం పెట్టుకున్నారో నాకు తెలుసు. ప్రాక్టికల్స్ నేర్చుకున్న ఆస్పత్రిలోనే ఉద్యోగం ఇస్తామన్నారు, డిగ్రీ చేతికొస్తే. రాకపోతే ఏముంది? స్టూడియో లేదు. ఆ వయసులో ఇంకో పని నేర్పేవాళ్ళు లేరు. నా కళ్ళు అప్పటికే సూదిలో దారం ఎక్కించడానికి మొరాయిస్తున్నాయి. ఈ చదువొక్కటే మిగిలింది. మునిగేవాడికి గడ్డిపోచ అంటారే, అది. దాన్నే మేం ముగ్గురం పట్టుకుని వేలాడుతున్నాం.

పరీక్ష రోజు పొద్దున ఆ ఆస్పత్రికే వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొచ్చారు. ఆదివారం కాకపోయినా ఏదో సెలవు, మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. గుమ్మంలో నిలబడి, "పాస్" అన్నారు. నేను గరిటె వదిలేశాను. అమ్మాయి ఎగిరి ఆయన మెడ పట్టుకుని వేలాడింది. తరవాత ఒక్క ఉదుటున వీధిలోకి పరిగెత్తింది. "మా నాన్న పాసయ్యాడు!" అని దాని గొంతు మలుపు తిరిగేదాకా వినబడింది. ఆయన పీట మీద కూర్చుని, ఎన్నాళ్ళ తరవాతో, మారు అడిగి వడ్డించుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. చెప్పొద్దూ, పెళ్ళిలో కూడా ఆయన్ని అంత తృప్తిగా చూసుకోలేదు.

"ఎలా జరిగిందో చెప్పండి" అన్నాను.

చెప్పారు. ఛాతీ ఎక్స్‌రే తియ్యమన్నారట. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఆయాసపడుతున్న మనిషి. లారీ మెకానిక్కట, వయసు ఈయనంతే. "అతను ఒక భుజం ముందుకి తేలేకపోయాడు. చిన్నప్పుడు బండి మీంచి పడితే మెడ దగ్గర ఎముక విరిగి వంకరగా అతుక్కుందట. 'ఎడమ భుజం ఇంతేనండి, మా ఆవిడ కొట్టినా కదలదు' అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆర్ అక్షరం అతని కుడిపక్కనే పెట్టాను. అతని కుడిచెయ్యి పట్టుకుని 'ఇది మీ కుడే కదా' అని అడిగి మరీ పెట్టాను."

"మంచి పని చేశారు."

"కానీ ఫొటోలో అది పడలేదే."

వెలుతురు పడే మేరని మనిషికి సరిపడా బిగించాలట. ఎక్కువ వదిలితే ఒంటికి మంచిది కాదు, మార్కులు కోస్తారు. ఈయన భయంకొద్దీ మరీ బిగించేసరికి అక్షరం ఆ మేరకి బయటికిపోయింది. తెర మీద ఫొటో వచ్చింది, అందులో ఆర్ లేదు, ఎల్ లేదు. ఇంకోసారి తీస్తానంటే మేడమ్‌కి కారణం చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఉన్న కాసిని మార్కులూ పోతాయి. పైగా ఆ ఫొటోలో గుండె అటుపక్కన ఉంది. ఎప్పుడూ ఉండేవైపు కాదు, రెండోవైపు.

"చూడగానే తెలిసిపోయింది, తిరగబడిందని" అన్నారు మా ఆయన, చెయ్యి నాకుతూ. "మిషన్లో ఏదో మీట తప్పు నొక్కి ఉంటాను. మేడమ్ ముందువాళ్ళ కాగితాలు చూసుకుంటోంది. నేను కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కి తిప్పేశాను. గుండె దాని చోటికొచ్చింది. పక్కన ఆర్ అని టైపు చేశాను. మేడమ్ చూసి, 'సీసం అక్షరం ఏమైంది? ఇలాగేనా నేర్చుకున్నది?' అని గసిరి కొన్ని మార్కులు కోసింది. కోసినా గట్టెక్కాను."

"మీ కన్ను మీ కన్నేనండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. చెయ్యి కంచంలో ఆగిపోయింది. నోట్లో ఉన్న ముద్ద కూడా అలాగే ఉంది. నాకు అర్థం కాలేదు. కారమేమైనా ఎక్కువైందేమోనని నీళ్ళ గ్లాసు జరిపాను.

"వంకరగా అతుక్కున్న ఎముక" అన్నారు. "అది ఫొటోలో ఆర్ ఉన్నవైపు ఉంది."

"ఉంటే?"

"అతను ఎడమ అన్నాడు కదే! ఎడమ భుజం అన్నాడు!" ఆయన గొంతు కీచుగా వచ్చింది. "అంటే ఫొటో తిరగబడలేదు. నేనే తిరగేశాను. ఆ మనిషికి గుండె కుడివైపే ఉంది."

"గుండె కుడివైపు ఎవరికుంటుందండీ, చోద్యం కాకపోతే!"

"ఉంటుంది. ఎక్కడో ఒకరికి ఉంటుంది. లోపలివన్నీ అద్దంలో చూసినట్టు అటుదిటుగా పుడతారు. పాఠంలో చెప్పారు. మనిషిని చూసి వైపు చెప్పండి, గుండెని చూసి చెప్పకండి అని మొదటి ఏడాదే చెప్పారు. నేను చొక్కా జేబు చూసినట్టు చూశానే."

నాకు ఇంకా తలకెక్కలేదు. అయితే ఏమైంది, పాసయ్యారు కదా అన్నాను. అప్పుడాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డారు. "నీరు ఎడమవైపు ఉంది. నా ఫొటోలో కుడివైపు కనబడుతోంది. ఈ మధ్యాహ్నం సూది గుచ్చి తీస్తామన్నారు. కుడివైపు నీరు లేదు, మంచి ఊపిరితిత్తి ఉంది. అటుపక్కనే గుండె కూడా ఉంది."

పిట్టకి ఫోన్ చేశారు. దానిది ఆ రోజు వార్డులో డ్యూటీ. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. ఆస్పత్రి నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి, "ఉండండి" అని పక్కన పెట్టేశారు, ఎంతసేపైనా మళ్ళీ రాలేదు. ఆయన చొక్కా తొడుక్కుంటున్నారు. గుండీలు ఎక్కడివక్కడ పడటం లేదు.

నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. అవును, నిలబడ్డాను. "ఎక్కడికి? వెళ్ళి ఏమని చెబుతారు? నేను తిరగేశాను, నన్ను ఫెయిల్ చెయ్యండి అనా? వాళ్ళు డాక్టర్లు కదా, చెవిలో గొట్టాలు పెట్టుకుని వినరా? తట్టి చూడరా? ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ మీ నెత్తినే వేసుకోవాలా? మనకి దిక్కేమిటి? పిల్ల వీధి వీధంతా చాటి చెబుతోంది, వినబడటం లేదా మీకు? దాని మొహం చూసి కూర్చోండి ఇక్కడ!"

"చూస్తే ఉంటాడు, చూడకపోతే పోతాడు" అన్నారు. "వాళ్ళు ఫొటో నమ్ముతారే. ఫొటో అనేదే నమ్మడానికి."

"నేను బతికుండగా మిమ్మల్ని వెళ్ళనివ్వను."

ఆయన నన్ను తోయలేదు. అరవలేదు. నా ముందు నిలబడి, చేతులు రెండూ జోడించారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మనిషి నాకు దణ్ణం పెట్టడం అదే మొదలు. "నన్ను చంపకే. పోనియ్" అన్నారు. నేను పక్కకి జరిగాను. జరిగి, చెప్పులేసుకుని నేనూ వెనకాలే పరిగెత్తాను. వదిలేస్తే ఆ కంగారులో ఏ బస్సు కిందైనా పడేలా ఉన్నారు.

ఆటో ఎక్కాం. ఆటో అతను రోడ్డు తవ్విపోసినవాళ్ళని తిడుతున్నాడు. ఈయన ముందుకి వంగి, "బాబూ, కొంచెం త్వరగా, కొంచెం త్వరగా" అని బతిమాలుతున్నారు. నేను లోపల ఏమనుకున్నానో చెప్పనా? ఈపాటికి వాళ్ళే కనిపెట్టేసి ఉండాలి, ఈయన చెప్పే పని లేకుండా పోవాలి అనుకున్నాను. ఆ మనిషీ బతకాలి, ఈ పాసూ ఉండాలి. రెండూ కావాలి నాకు. తప్పేముంది?

ఆస్పత్రిలో మేం లోపలికి వెళ్ళేసరికి ఆ మెకానిక్‌ని తోపుడు మంచం అంచున కూర్చోబెట్టారు. చొక్కా విప్పేసి ఉంది. ముందు బల్ల మీద దిండు వేసి, దాని మీద చేతులు ఆనించి వంగోబెట్టారు. వీపు మీద కుడివైపు నీలం సిరాతో గుర్తు పెట్టి ఉంది. అక్కడంతా మందు పూసి తుడుస్తోంది నర్సు. కుర్ర డాక్టరొకతను చేతులకి తొడుగులు వేసుకుంటున్నాడు. అద్దాల తలుపులోంచి నాకంతా కనబడింది.

మా ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయారు. "ఆగండి! అటు కాదు! అటు గుచ్చకండి!"

"ఎవరయ్యా నువ్వు? బయటికి నడు!" అన్నాడు డాక్టరు.

"ఆ ఫొటో నేనే తీశానండి. తిరగేశానండి. నీరు ఎడమవైపుందండి. ఆయనకి గుండె కుడివైపుందండి. వినండి, ఒక్కసారి వినండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి ఆగాడు. చెవిలో గొట్టాలు పెట్టుకుని ఆ మనిషి ఛాతీకి కుడివైపు ఆనించాడు. విన్నాడు. ఎడమవైపు ఆనించాడు. మళ్ళీ కుడివైపుకి వచ్చాడు. తరవాత వీపు మీద వేళ్ళతో తట్టాడు, అటొకసారి, ఇటొకసారి. "తట్టినప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు నర్సుతో, చిన్న గొంతుతో. "కానీ ఫొటోలో అటే ఉంది. స్కానింగ్ మిషనేమో వేరే వార్డువాళ్ళు పట్టుకుపోయారు." వేసుకున్న తొడుగులు విప్పేశాడు. నర్సు దూది ముంచి ఆ నీలం గుర్తు తుడిచేస్తోంది. సిరా ఒక పట్టాన పోవడం లేదు.

మెకానిక్ తలెత్తి, "ఏంటండీ, నా గుండె ఎటుందంటారు?" అని అడిగాడు.

కాసేపటికి మేడమ్ వచ్చింది. ఇంకా ఊరికి వెళ్ళలేదు, మిగతా పిల్లల పరీక్షలు జరుగుతున్నాయి. పిట్ట వెనకాలే పరిగెత్తుకొచ్చింది. మాటలన్నీ వరండాలోనే జరిగాయి. ఈయన ఏదీ దాచుకోకుండా చెప్పేశారు. అక్షరం ఎందుకు పడలేదో, ఏ మీట నొక్కారో, ఆవిడ ఎటు చూస్తున్నప్పుడు నొక్కారో కూడా. నేను పక్కనుంచి చొక్కా లాగుతూనే ఉన్నాను, అంతా చెప్పక్కర్లేదని. చెప్పేశారు.

పిట్ట మేడమ్‌కి అడ్డంపడింది. "మేడమ్, బాబాయే కదా వచ్చి చెప్పింది! రాకపోతే ఏమయ్యేది? ఎవరికి తెలిసేది?"

మేడమ్ చెడ్డ మనిషేం కాదు. "నాకు అర్థమైందమ్మా" అంది. "అక్షరం పడకపోతే ఒక్క మాట చెప్పుంటే మళ్ళీ తీయించేదాన్ని. కాసిని మార్కులు పోయేవి, అంతే. తెలియకుండా తిప్పి, తెలిసినట్టు రాసి నా చేతికిచ్చారు. నేను సంతకం పెట్టాను. ఇప్పుడు తెలిసి కూడా ఆ సంతకం ఎలా ఉంచను?" మా ఆయనకేసి తిరిగి, "మీకింకో అవకాశం ఉంటే బాగుండేది" అంది.

"లేదండి" అన్నారు ఈయన.

నేను ఆవిడ కాళ్ళ మీద పడబోయాను. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గు లేదు ఆ విషయంలో. "తల్లీ, మాకు ఇంకేమీ లేదు. ఇదొక్కటే ఉంది. ఆయన మంచివాడు, తమరే చూశారు కదా" అన్నాను. ఆవిడ నా భుజాలు పట్టుకుని లేవదీసి, నా మొహంలోకి చూడలేక గబగబా వెళ్ళిపోయింది. పిట్ట గోడకి తిరిగి ఏడుస్తోంది.

అప్పుడొచ్చింది ఆ మెకానిక్ భార్య. మందులకి వెళ్ళినట్టుంది, చేతిలో సంచీ ఉంది. నర్సో ఎవరో చెప్పి ఉంటారు. విన్నంత విని, విననంత ఊహించుకుని, తిన్నగా మా ఆయన మీదికొచ్చింది. చొక్కా పట్టుకుంది.

"నువ్వేనా! నీ చేతులు పడిపోనూ! మా ఆయన్ని చంపేసేవాడివి కదా! మాకు ముగ్గురు పిల్లలు, తెలుసా నీకు? కుడేదో ఎడమేదో తెలియనివాడివి నీకెందుకయ్యా ఈ పని?"

నా నెత్తురు ఉడికిపోయింది. ఈవిడ మొగుడి కోసమే కదా నా మొగుడు కొంపకి నిప్పెట్టుకుంది! జుట్టు పట్టుకుని ఆ మాట ఆవిడ మొహాన్నే అందామని ఒక అడుగు వేశాను. వేసి ఆగిపోయాను. ఇంట్లో తలుపుకి అడ్డం నిలబడి నేను అరిచిందీ ఇలాగే.

"మాట్లాడవేం? ఇవాళంటే మా అదృష్టం బాగుంది. రేపు ఇంకొకరికి ఇలాగే చేస్తే?"

"చెయ్యనమ్మా" అన్నారు మా ఆయన. చాలా మామూలుగా అన్నారు. "ఇంక నన్నెవరూ ఆ గదిలోకి రానివ్వరు."

ఆవిడకేం అర్థమైందో తెలియదు. చొక్కా వదిలేసింది. నలిగిన చోట చేత్తో ఒకసారి సర్దింది కూడా, ఎందుకు సర్దిందో ఆవిడకే తెలియాలి. తరవాత గబగబా లోపలికి, మొగుడి దగ్గరికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంటుంటే లోపల్నుంచి, "ఏమయ్యా, నీ గుండె అటుందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అని ఏడుస్తూ అతన్ని దెబ్బలాడటం వినబడింది.

మా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. ఆ గదిలోకి ఇంక రానివ్వరన్న మాట నేను ఇంటి దగ్గరనుంచీ వినకూడదనుకున్న మాట. ఆయన నోటితోనే, అంత నెమ్మదిగా చెప్పాక ఇంక నా వల్ల కాలేదు. ఆ వరండాలో, అంతమంది రోగుల మధ్య, నేల మీద చతికిలబడి భోరుమన్నాను. ఆయన నా పక్కన కూర్చున్నారు. ఎవరో మంచం తోసుకుంటూ వచ్చి, "కొంచెం జరగండి, దారి" అన్నారు. ఇద్దరం జరిగి కూర్చున్నాం.